స్టవ్ వెనక గోడకి ఏ టైల్ వేయాలి? షాపుకి వెళ్ళే ముందు ఈ లెక్క ఒక్కసారి చూడండి

ఈరోజు ఫోన్లు లేవు, ల్యాప్‌టాప్‌లు లేవు. ఒక గోడ గురించి మాట్లాడుకుందాం. వంటింట్లో స్టవ్ వెనకాల, సింక్ వెనకాల, గట్టు మీద నుంచి పై కప్‌బోర్డు దాకా ఉంటుంది చూడండి, ఆ గోడ. ఫారిన్ రీల్స్‌లో దాన్ని బ్యాక్‌స్ప్లాష్ అంటారు. మన టైల్స్ షాపులో, మేస్త్రీ దగ్గర డాడో అంటే చాలు, వెంటనే అర్థమవుతుంది.

ఈ టాపిక్ ఎందుకంటే, మన వయసు వాళ్ళలో చాలామంది ఇప్పుడు ఇదే స్టేజ్‌లో ఉన్నారు. ఉద్యోగం వచ్చి నాలుగైదేళ్ళయింది, హోమ్ లోన్ తీసుకుని ఫ్లాట్ కొన్నారు. లేదంటే ఊళ్ళో అమ్మానాన్నల కోసం పాత వంటిల్లు బాగు చేయిస్తున్నారు. డబ్బులు మనవి, ఫోన్‌లో సేవ్ చేసిన ఫోటోలు మనవి, షాపులో వేలు పెట్టి చూపించేది కూడా మనమే. కానీ ఆ గోడని రోజూ రాత్రి తుడిచేది ఎవరు? చాలా ఇళ్ళల్లో అమ్మ. కొన్ని ఇళ్ళల్లో భార్య. కొన్ని ఇళ్ళల్లో పనికి వచ్చే అక్క. సో, మనం అరగంటలో ఫైనల్ చేసే డిజైన్‌ని ఇంకొకళ్ళు పదిహేనేళ్ళు రుద్దుతూ కూర్చుంటారు. ఈరోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క పాయింట్ చుట్టూనే తిరుగుతుంది: డాడోని చూసేవాళ్ళ కోసం కాదు, తుడిచేవాళ్ళ కోసం ఎంచుకోవాలి.

ముందుగా, ఆ గోడ మీద అసలు ఏం పడుతుందో చూద్దాం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఏ పనైనా ముందు రిక్వైర్‌మెంట్ రాసుకోమనేవాళ్ళు కదా, ఇదీ అంతే.

మన వంట అంటే తాలింపు. నూనె కాగాక ఆవాలు వేస్తే చిటపటలాడి ఎగురుతాయి. మనకి కనిపించేవి ఆ చుక్కలు. కనిపించనిది నూనె ఆవిరి. సన్నటి తుంపరలా లేచి గోడకి పలచగా అంటుకుంటుంది. వెంటనే తుడిస్తే మసిగుడ్డకి వచ్చేస్తుంది. వారం వదిలేస్తే రాదు. ఎందుకంటే పలచటి నూనె పొర వేడికి, గాలికి మెల్లగా గట్టిపడి బంకలా మారుతుంది. ఇనుప పెనానికి నూనె రాసి కాల్చి కాల్చి నల్లటి పొర పట్టిస్తాం కదా, దోసె అంటుకోకుండా? అదే కెమిస్ట్రీ. పెనం మీద అయితే మంచిది, గోడ మీద అయితే జిడ్డు.

రెండోది పసుపు. పసుపులో ఉండే కర్కుమిన్ అసలే ఒక రంగు, అద్దకానికి కూడా పనికొచ్చే రంగు. పైగా దానికి ఇంకో గుణం ఉంది. పెళ్ళిలో పారాణి ఎలా చేస్తారు? పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది. అంటే క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుందన్నమాట. ఇప్పుడు టైల్స్ మధ్య సందుల్లో నింపేది ఏంటి? ఎక్కువ ఇళ్ళల్లో తెల్ల సిమెంటో, సిమెంట్ గ్రౌటో. అది క్షారమే. తుడిచే సబ్బు కూడా క్షారమే. అందుకే పులుసు చింది, ఆ మరకని సబ్బు పెట్టి రుద్దితే పసుపుపచ్చది కాస్తా ఎర్రటి గోధుమ రంగులోకి మారి సందులో కూర్చుంటుంది. అమ్మ సరిగ్గా రుద్దలేదని కాదు, అక్కడ జరిగేదే అది.

మూడోది పులుపు. చింతపండు, నిమ్మకాయ, టమాటా. నాలుగోది నీళ్ళు, సింక్ దగ్గర. ఐదోది కుక్కర్. పప్పు పెట్టిన కుక్కర్ విజిల్ వేస్తే ఆ పచ్చటి నీళ్ళు ఎంత ఎత్తుకి వెళ్తాయో మీకే తెలుసు.

ఈ ఐదింటిలో ఏదీ టైల్‌ని పెద్దగా ఏమీ చేయలేదు. టైల్ పైన ఉండే గ్లేజ్ ఒకరకంగా గాజు పొర లాంటిది. దెబ్బ తినేది సందు. ఇది గుర్తుపెట్టుకుంటే షాపులో సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు లెక్క. ఒక మామూలు వంటింట్లో గట్టు పొడవు 16 అడుగులు అనుకుందాం. ఎల్ షేప్ అయినా సరే, సులువు కోసం ఒకే వరసగా పరిచినట్టు చూద్దాం. ఎత్తు 2 అడుగులు. మొత్తం 32 చదరపు అడుగులు. ఈ గోడ మీద టైల్ సైజుని బట్టి ఎన్ని అడుగుల సందు వస్తుందో నేను కూర్చుని లెక్క వేశాను.

2 అడుగులు బై 4 అడుగుల పెద్ద టైల్ అడ్డంగా వేస్తే 4 టైల్స్ చాలు. మధ్యలో 3 సందులు, ఒక్కోటి 2 అడుగులు. మొత్తం 6 అడుగులు.

1 అడుగు బై 2 అడుగుల టైల్, షాపులో వన్ బై టూ అంటారు, అడ్డంగా రెండు వరసలు వేస్తే 16 టైల్స్. మొత్తం సందు 30 అడుగులు.

రీల్స్‌లో కనిపించే తెల్లటి చిన్న ఇటుకల్లాంటి టైల్, 3 అంగుళాలు బై 6 అంగుళాలు, సబ్‌వే టైల్ అంటారు. 8 వరసలు వస్తాయి. సందు దాదాపు 174 అడుగులు.

ఇక అంగుళం బై అంగుళం మొజాయిక్. 24 వరసలు, వరసకి 192 ముక్కలు. మొత్తం సందు 750 అడుగులు!

చూశారా? గోడ అదే, 32 చదరపు అడుగులే. ఒకళ్ళు 6 అడుగుల సందు తుడుస్తారు, ఇంకొకళ్ళు 750 అడుగులు. షోరూమ్ లైట్ల కింద రెండూ అందంగానే ఉంటాయి. తేడా ఇంటికొచ్చాక, ఆదివారం చేపల పులుసు అయ్యాక తెలుస్తుంది.

సబ్‌వే టైల్ మీద నాకేం కోపం లేదండీ. దాని పేరు న్యూయార్క్ సబ్‌వే నుంచి వచ్చింది. 1904లో అక్కడ స్టేషన్లు మొదలైనప్పుడు గోడలకి ఈ తెల్ల టైల్ వేశారు. శుభ్రంగా కనిపించాలి, భూమి కింద వెలుతురు పెరగాలి, కడగడం తేలిక కావాలి. ఆ స్టేషన్ గోడకి అది కరెక్ట్. కానీ స్టేషన్‌లో రోజూ పోపు పెట్టరు కదా. మీకు అదే లుక్ కావాలంటే స్టవ్‌కి దూరంగా, డైనింగ్ వైపు గోడకో, కాఫీ మేకర్ పెట్టుకునే మూలకో వేసుకోండి. స్టవ్ వెనకాల మాత్రం పెద్ద టైల్ పెట్టండి.

సైజు అయింది. ఇప్పుడు ఫినిష్. షాపులో మూడు రకాలు చూపిస్తారు. గ్లాసీ, మ్యాట్, ఇంకా చేత్తో తడిమితే ఎత్తుపల్లాలు తెలిసే త్రీడీ టైల్. డాడో సెక్షన్‌లో ఇంకో స్పెషల్ ఉంటుంది, హైలైటర్. అంటే టీ కప్పులు, ద్రాక్ష గుత్తులు, క్యాప్సికమ్ బొమ్మలు ఉండే టైల్. లైట్ టైల్, డార్క్ టైల్, మధ్యలో హైలైటర్, మూడూ సెట్‌గా అమ్ముతారు.

మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే జరిగింది. నాన్నకి టీ కప్పుల బొమ్మ నచ్చింది. నాకు బూడిద రంగు త్రీడీ టైల్ నచ్చింది. అమ్మ ఏదీ నచ్చింది అనలేదు. షాపతన్ని, "బాబూ, ఇవి ఒక్కో ముక్క ఇస్తావా, రేపు తెచ్చిస్తాను" అని అడిగింది. ఇంటికి తెచ్చి ఒక్కోదాని మీద కొంచెం నూనె, పసుపు, కారం కలిపి రాసి, రాత్రంతా గట్టు మీద వదిలేసింది. పొద్దున్నే తడి మసిగుడ్డతో ఒక్కో దాన్ని తుడిచింది. గ్లాసీది ఒక్క తుడుపుకి పోయింది. నున్నటి మ్యాట్ కొంచెం సబ్బు అడిగింది. నేను మనసు పడ్డ త్రీడీ టైల్ గాడుల్లో పసుపు అలాగే ఉండిపోయింది. అమ్మ దాన్ని నా చేతికిచ్చి, "పాత టూత్‌బ్రష్ ఇస్తాను, నువ్వు రుద్దు" అంది. చర్చ అక్కడితో అయిపోయింది. ఐటీలో దీన్నే యూజర్ టెస్టింగ్ అంటారు, అమ్మకి ఆ పేరు తెలియదంతే.

ఆ టెస్ట్ మీరు కూడా చేయండి. చాలా షాపులు శాంపిల్ ముక్క ఇస్తాయి. ఇవ్వకపోతే ఒక్క టైల్ కొనుక్కోండి, పోయేదేం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వంట చేసేవాళ్ళని షాపుకి తీసుకెళ్ళండి. వీడియో కాల్‌లో చూపిస్తే సరిపోదు, చేత్తో తడిమి చూడాలి.

రంగు గురించి ఎక్కువ చెప్పను, అది మీ ఇష్టం. ఒక్క మాట. నల్లటి గ్లాసీ టైల్ ఫోటోలో రిచ్‌గా ఉంటుంది, కానీ ప్రతి నీటి చుక్క మరక, ప్రతి వేలి ముద్ర కనిపిస్తుంది. లేత క్రీమ్, లేత బూడిద లాంటివి ఆ విషయంలో కొంచెం దయగా ఉంటాయి. గట్టు నల్ల గ్రానైట్ అయితే లేత గోడ వల్ల వంటింట్లో వెలుతురు కూడా పెరుగుతుంది. వాస్తు ప్రకారం ఏ రంగు అని అడిగేవాళ్ళుంటే, అది ఇంట్లో పెద్దవాళ్ళతో తేల్చుకోండి. ఆ రంగులో గ్లాసీ, పెద్ద సైజు దొరుకుతుంది, గొడవ లేదు.

టైల్ కాకుండా వేరేవి కూడా ఉన్నాయి. గట్టుకి వేసిన గ్రానైట్‌నే గోడకీ ఎక్కించొచ్చు. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ లాంటి గ్రానైట్‌కి పులుపుతో భయం లేదు, సందులు కూడా చాలా తక్కువ. కానీ మార్బుల్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. మార్బుల్ అంటే కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం పడితే పాలిష్ తినేసి మచ్చ వేస్తుంది, తుడిస్తే పోయే మచ్చ కాదది. కడప రాయి కూడా సున్నపురాయి జాతే, అరలకి బాగుంటుంది, పులుసు చిందే చోట వద్దు.

గాజు కూడా వేస్తున్నారు, వెనక రంగు వేసిన గాజు. సందులే ఉండవు, తుడవడం హాయి. కానీ స్టవ్ వెనక వేస్తే తప్పనిసరిగా టఫెన్డ్ గాజు అయ్యుండాలి. ఇంకొకటి, టఫెన్ చేశాక గాజుని కోయడం కుదరదు, కోస్తే మొత్తం ముక్కలైపోతుంది. అందుకని స్విచ్ బోర్డులకి రంధ్రాలు ఎక్కడో ముందే కొలిచి ఇవ్వాలి.

సరే, ఏం వేయాలో తేలింది. ఇప్పుడు ఎక్కడ, ఎంత ఎత్తు. చాలామంది వదిలేసే పార్ట్ ఇదే. టైల్ నచ్చకపోతే కళ్ళకే ఇబ్బంది, ప్లేస్‌మెంట్ తప్పితే రోజూ చేతులకి ఇబ్బంది.

మేస్త్రీని అడిగితే డాడో 2 అడుగులు అంటారు. ఎందుకంటే గట్టు మీద నుంచి పై కప్‌బోర్డు దాకా మామూలుగా 22 నుంచి 24 అంగుళాలు ఉంటుంది. మిగతా గోడకి అది ఓకే. స్టవ్ వెనక మాత్రం 2 అడుగులు చాలదు. చిమ్నీ స్టవ్‌కి సుమారు 26 నుంచి 30 అంగుళాల పైన బిగిస్తారు, మీ మోడల్‌కి ఎంతో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. స్టవ్‌కీ చిమ్నీకీ మధ్య గోడ మొత్తం టైల్ ఉండాలి, చిమ్నీ వెనక్కి కూడా కొంచెం వెళ్ళాలి. లేదంటే మధ్యలో నాలుగైదు అంగుళాల పెయింట్ పట్టీ మిగులుతుంది. ఏడాదిలో అది ఏ రంగులోకి వస్తుందో చెప్పక్కర్లేదు. చిమ్నీ లేని ఇల్లయితే స్టవ్ వెనక కనీసం లింటెల్ దాకా, వీలైతే స్లాబ్ దాకా వేయించండి. స్టవ్ మూలకి దగ్గరగా ఉంటే పక్క గోడకి కూడా అదే ఎత్తు. మామూలుగా మర్చిపోయేది ఈ పక్క గోడనే.

కప్‌బోర్డుల కింద అంచు దగ్గర టైల్‌ని కచ్చితంగా అక్కడే ఆపొద్దు. ఒకటి రెండు అంగుళాలు కప్‌బోర్డు వెనక్కి వెళ్ళనివ్వండి. కోసిన అంచు కనిపించదు, బొద్దింకలు దూరే ఖాళీ ఉండదు. దీనికోసం టైల్స్ ముందు, కప్‌బోర్డులు తర్వాత అనే వరస పాటించాలి. మొత్తం వరస ఇది: కరెంటు పైపులు, నీళ్ళ పైపులు, చిమ్నీ గొట్టానికి రంధ్రం, ప్లాస్టరింగ్, ఆ తర్వాత గట్టు గ్రానైట్, దాని పైన కూర్చునేలా డాడో, ఆఖరికి పెయింట్, కప్‌బోర్డులు, చిమ్నీ.

పాయింట్ల సంగతి. టైల్ కొనక ముందే గోడ మీద సుద్దముక్కతో గీయండి. స్టవ్ ఇక్కడ, సింక్ ఇక్కడ, మిక్సీ ఇక్కడ, ఫిల్టర్ ఇక్కడ అని. మీరు కాదు, వంట చేసేవాళ్ళు నిలబడి చెప్పాలి. మిక్సీ పాయింట్ గట్టు మీద నుంచి 8 నుంచి 12 అంగుళాల ఎత్తులో బాగుంటుంది. ఓవెన్‌కి, ఇండక్షన్‌కి 16 యాంప్స్ పాయింట్ విడిగా కావాలి. స్టవ్ వెనకాల, సింక్ పైన ఏ పాయింటూ వద్దు. కాలుతున్న బర్నర్ మీదుగా చెయ్యి చాపి స్విచ్ వేసే వంటిళ్ళు చాలానే చూశాను, చీర కొంగుకి అంటుకోవడానికి ఒక్క క్షణం చాలు. అందం కోసం ఇలాంటి చోట రాజీ పడొద్దు.

ఇప్పుడు టైల్స్ పంచడం. మేస్త్రీ మామూలుగా ఒక చివర నుంచి మొదలుపెట్టి వెళ్ళిపోతారు, మిగిలిన ముక్క రెండో చివర వస్తుంది. గోడ 9 అడుగులు, టైల్ 2 అడుగులు అనుకోండి. అలా వెళ్తే 4 నిండు టైల్స్, ఆఖర్న 1 అడుగు ముక్క. అదే మధ్యలో 3 నిండు టైల్స్ పెట్టి, రెండు వైపులా ఒకటిన్నర అడుగు ముక్కలు పెడితే? అదే 9 అడుగులు, కానీ రెండు వైపులా సమానం. స్టవ్ ఎక్కడుంటే అక్కడ నిండు టైల్ మధ్యకి రావాలి, కోసిన ముక్కలు మూలలకి పోవాలి. రెండు మూడు అంగుళాల సన్న ముక్క ఎక్కడా రాకూడదు. ఎత్తులో అయితే కింది వరస నిండు టైల్, కోసేది పైన, కప్‌బోర్డు వెనక్కి. అతికించే ముందు గట్టు మీద టైల్స్ ఊరికే నిలబెట్టి చూడమనండి, పది నిమిషాల పని. మేస్త్రీ గారితో గొడవ పెట్టుకోవద్దు, ముందురోజే కాగితం మీద గీసి ఇస్తే వాళ్ళకీ సులువే.

ఎన్ని కొనాలి? 32 చదరపు అడుగులకి 10 శాతం వేస్టేజ్ కలిపితే సుమారు 36. వన్ బై టూ టైల్ ఒక్కోటి 2 చదరపు అడుగులు కాబట్టి 18. ఇంకో రెండు కలిపి 20 తీసుకోండి. ఆ రెండూ అటక మీద పెట్టండి. ఎప్పుడైనా పైపు లీక్ అయి గోడ పగలగొట్టాల్సి వస్తే అదే టైల్ మళ్ళీ దొరకదు. మన దేశంలో టైల్స్‌కి పెద్ద కేంద్రం గుజరాత్‌లోని మోర్బీ. అక్కడి నుంచి డిజైన్లు వస్తూనే ఉంటాయి, పాతవి ఆగిపోతూనే ఉంటాయి. కొనేటప్పుడు అన్ని బాక్సుల మీద బ్యాచ్ నంబరు, షేడ్ ఒకటేనా అని చూడండి. షేడ్ మారితే గోడ ఎక్కాక తేడా తెలిసిపోతుంది.

అతికించడం దగ్గర ఒక సీరియస్ విషయం. టైల్స్‌లో ప్రధానంగా రెండు జాతులు. మామూలు సిరామిక్ గోడ టైల్, అది నీళ్ళు బాగా పీలుస్తుంది, 10 శాతం పైనే. రెండోది విట్రిఫైడ్, అది అర శాతం కూడా పీల్చదు. సిమెంట్ పట్టు పట్టాలంటే టైల్ కొంచెం పీల్చుకోవాలి. అందుకే సిరామిక్‌ని నీళ్ళలో నానబెట్టి సిమెంట్‌తో వేస్తే నిలుస్తుంది. విట్రిఫైడ్‌ని అలాగే వేస్తే కొన్నాళ్ళకి ఊడొస్తుంది. 2 బై 4 విట్రిఫైడ్ టైల్ ఎంత బరువుంటుందో ఒకసారి ఎత్తి చూడండి. అది వేడి నూనె మూకుడు మీద పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సో, పెద్ద టైల్ వేస్తే టైల్ అడెసివ్ కచ్చితంగా వాడాలి. మన దగ్గర దీనికి ఐఎస్ 15477 అనే స్టాండర్డ్ ఉంది, టైప్ 1 నుంచి టైప్ 5 దాకా. ఏ టైల్‌కి, ఏ గోడకి పనికొస్తుందో సంచి మీదే రాసి ఉంటుంది, చదివి తీసుకోండి. అడెసివ్‌తో వేసేటప్పుడు నానబెట్టక్కర్లేదు.

అడెసివ్‌ని టైల్ వెనక నాలుగు మూలలా, మధ్యలో ఒకటి, ఐదు ముద్దలు పెట్టి అతికించేస్తుంటారు. అలా వద్దు. పళ్ళ తాపీతో గీతలు గీతలుగా మొత్తం పరచాలి. ముద్దలు పెడితే మధ్యలో గాలి ఉండిపోతుంది, చీమలకి, బొద్దింకలకి ఉచితంగా ఫ్లాట్ ఇచ్చినట్టు. ఆరాక నాణెంతో ప్రతి టైల్ మీద కొట్టి చూడండి. గట్టి శబ్దం వస్తే ఓకే. డొల్ల శబ్దం వస్తే ఆ టైల్ మళ్ళీ వేయించండి, గ్రౌట్ నింపక ముందే. మేస్త్రీకి పూర్తి డబ్బులు ఇచ్చేది కూడా ఈ టెస్ట్ తర్వాతే.

ఇక సందు. 6 అడుగులైనా 30 అడుగులైనా సందు సందే. స్టవ్ గోడకి ఎపాక్సీ గ్రౌట్ వేయించండి. సిమెంట్ గ్రౌట్ స్పాంజి లాంటిది, నూనె, పసుపు పీల్చేస్తుంది. ఎపాక్సీ రెజిన్, హార్డెనర్ కలిపి తయారవుతుంది, గట్టిపడ్డాక ఏదీ పీల్చదు. ఖరీదు ఎక్కువే, కానీ మనం మాట్లాడేది 32 చదరపు అడుగులు. మొత్తం ఇంటి ఫ్లోరింగ్ కాదు. ఇక్కడ చదరపు అడుగుకి 30 రూపాయలు ఎక్కువ పెట్టినా 36 అడుగులకి 1,080 రూపాయలు. ఇంకెక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ వద్దు. ఒక జాగ్రత్త, ఎపాక్సీ త్వరగా గట్టిపడుతుంది. టైల్ మీద అంటింది ఆరకముందే తుడిచేయాలి, లేదంటే ఆ పొర పోదు. కాబట్టి ముందు ఈ పని చేసిన మేస్త్రీనే పెట్టుకోండి. రంగు తెలుపు వద్దు, లేత బూడిద.

గోడ, గట్టు కలిసే మూల సందులో మాత్రం గ్రౌట్ వద్దు. గ్రానైట్ వేరు, గోడ వేరు, రెండూ వేడికి ఒకలా కదలవు. గ్రౌట్ అయితే పగులుతుంది, ఆ పగుల్లోంచి నీళ్ళు కింద కప్‌బోర్డులోకి దిగుతాయి, చెక్క ఉబ్బుతుంది. అక్కడ ఫంగస్ పట్టని సిలికాన్ సీలెంట్ వేయాలి.

ఇప్పుడు మీలో కొంతమంది, "అన్నా, మాది అద్దె ఇల్లు, ఇవన్నీ ఎందుకు చెప్తున్నావ్" అనుకుంటూ ఉంటారు. మీకూ ఉంది. ఆన్‌లైన్‌లో ఇటుక డిజైన్ ఫోమ్ స్టిక్కర్లు దొరుకుతాయి, తీసి అతికించేయడమే. అవి హాల్‌లో వేసుకోండి, స్టవ్ దగ్గర వద్దే వద్దు. అది ప్లాస్టిక్ నురగ, మంట తగిలితే అంటుకుంటుంది. పీవీసీ షీట్లు కూడా వేడికి మెత్తబడతాయి. దానికంటే స్టీల్ పనిచేసే షాపులో స్టవ్ వెడల్పుకి ఒక పలచటి స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు కోయించి, అంచులు మడిపించి, గోడకి ఆనించి పెట్టుకోండి. హోటళ్ళ వంటశాలల్లో ఉండేది అదే. ఇల్లు మారితే మీతో పాటే వస్తుంది, ఓనర్‌తో అడ్వాన్స్ దగ్గర గొడవ ఉండదు.

సొంత ఇల్లే కానీ టైల్స్ మార్చే బడ్జెట్ లేదు, సందులు మాత్రం నల్లబడ్డాయి అంటారా? టైల్స్ ముట్టుకోవద్దు. పాత గ్రౌట్‌ని రెండు మూడు మిల్లీమీటర్లు గీకించి, ఆరనిచ్చి, ఎపాక్సీ నింపించండి. నాణెం టెస్ట్‌లో టైల్స్ గట్టిగా ఉంటే ఈ పని చాలు. ఆ సందుల మీద బాత్రూమ్ యాసిడ్ మాత్రం పోయొద్దు. అది సిమెంట్ గ్రౌట్‌నే తినేస్తుంది. బ్లీచ్, యాసిడ్ రెండూ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, కిటికీ లేని చిన్న వంటింట్లో అది ప్రాణం మీదకి తెస్తుంది. వారం రోజుల జిడ్డుకి గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్, పది నిమిషాలు తడి గుడ్డ పరిచి నానబెట్టడం, అంతే. వంట అయిన వెంటనే తుడిస్తే అది కూడా అక్కర్లేదు. వెంటనే తుడవడం అమ్మ ఒక్కదాని డ్యూటీ అని రూలేం లేదు, తిన్న ఎవరైనా తుడవొచ్చు.

సరే, స్క్రీన్‌షాట్ తీసుకోవాలనుకునేవాళ్ళకి వరస చెప్తాను. ఒకటి, సుద్దముక్కతో స్టవ్, సింక్, స్విచ్‌లు గీయడం. రెండు, ఎత్తు తేల్చుకోవడం, స్టవ్ వెనక ఎక్కువ, పక్క గోడ కూడా. మూడు, సందులు తక్కువ వచ్చే సైజు. నాలుగు, నూనె, పసుపు టెస్ట్ పాసైన ఫినిష్. ఐదు, టైల్‌కి తగ్గ అడెసివ్. ఆరు, ఎపాక్సీ గ్రౌట్, మూలలో సిలికాన్. ఏడు, నాణెం టెస్ట్. రంగు, డిజైన్ ఎనిమిదోది. మనం మామూలుగా ఎనిమిదో దాంతో మొదలుపెడతాం, మిగతా ఏడూ మేస్త్రీకి వదిలేస్తాం. దాన్ని తిరగేయండి, అంతే.

ఇల్లు కడుతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. టైల్స్ అతికించాక కాదు, ముందే పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో సింక్ గురించి మాట్లాడుకుందాం, ఒక గిన్నెదా రెండు గిన్నెలదా అని. ఉంటానండీ, బై.